మనాసస్ పొలిమేరలో డిస్నీ

1993 నవంబరు 11న వాల్ట్ డిస్నీ కంపెనీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, హేమార్కెట్ అనే చిన్న ఊరి పక్కన, కొత్త థీమ్ పార్కు కట్టబోతున్నట్టు ప్రకటించింది. పార్కు పేరు డిస్నీస్ అమెరికా. ఇతివృత్తం అమెరికా చరిత్ర. స్థలం దాదాపు 3,000 ఎకరాలు, పెట్టుబడి 65 కోట్ల డాలర్లు, ప్రారంభం 1998లో. వాషింగ్టన్ నగరం అక్కడికి తూర్పున 35 మైళ్ల దూరం. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పెద్ద పోరాటాలు జరిగిన మనాసస్ రణభూమి నాలుగైదు మైళ్లే. ఏడాది తిరక్కుండానే, 1994 సెప్టెంబరు 28న, కంపెనీ ఆ స్థలాన్ని వదులుకుంది.

దీన్ని చరిత్రకారులు గెలిచిన కథగా చెప్పడం రివాజు. దేశంలో పేరుమోసిన చరిత్రకారులు ఒక్కటై రణభూమిని కాపాడారని, అంత పెద్ద కంపెనీ తలొగ్గిందని అంటారు. అందులో అబద్ధం లేదు గానీ, అది సగం కథే. పోరాటాన్ని మొదలుపెట్టిందీ, దాన్ని రోజువారీగా మోసిందీ ఆ చుట్టుపక్కల ఇళ్లూ పొలాలూ ఉన్నవాళ్లు. వాళ్లు మొదట పట్టుకున్నవి రోడ్డు, గాలి, పన్ను. చరిత్ర వాళ్లకు తర్వాత దొరికిన గొంతు. ఆ గొంతు దేన్ని కాపాడగలిగింది, దేన్ని కాపాడలేకపోయింది అన్నది తేలాలంటే డిస్నీ రాకకు ఇరవై ఏళ్ల వెనక నుంచి మొదలుపెట్టాలి.

మనాసస్‌లో మొదటి యుద్ధం 1861 జూలై 21న జరిగింది. ఉత్తర, దక్షిణ సైన్యాలు పెద్దయెత్తున తలపడటం అదే మొదలు. 1862 ఆగస్టు చివర్లో అదే నేల మీద మూడు రోజుల పాటు రెండో యుద్ధం జరిగింది. రెండింటిలో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి పాతిక వేలకు పైమాటే. బుల్ రన్ వాగు ఒడ్డున ఉన్న ఈ నేలను 1940లో జాతీయ రణభూమి ఉద్యానంగా గుర్తించారు. మధ్యలో రెండు రోడ్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ఆ కూడలిలో ఒక రాతి ఇల్లు ఉంది. రెండు యుద్ధాల్లోనూ గాయపడిన సైనికులను అందులోనే పడుకోబెట్టారు. రోజూ వాషింగ్టన్ వైపు ఉద్యోగాలకు పోయే కార్లు ఆ ఇంటి ముందున్న సిగ్నల్ దగ్గర బారులు తీరతాయి. మనాసస్ వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. రణభూమికి సరిహద్దులు గీశారు, కానీ ఆ సరిహద్దు బయట పెరుగుతున్న నగరానికి సరిహద్దు గీసినవాళ్లు లేరు.

హేమార్కెట్‌కీ యుద్ధంతో చుట్టరికం ఉంది. ఊళ్లోని సెయింట్ పాల్స్ చర్చిని మొదటి మనాసస్ తర్వాత ఆసుపత్రిగా వాడారు. 1862 నవంబరులో ఉత్తర సైనికులు ఊరికి నిప్పు పెడితే చర్చి గోడలు, రెండు మూడు ఇళ్లు తప్ప మిగలలేదు. ఊరు మళ్లీ లేచింది గానీ వందేళ్లకు పైగా చిన్నదిగానే ఉండిపోయింది.

అలాంటి చోటికి మొదటి థీమ్ పార్కు ప్రతిపాదన డిస్నీ తెచ్చింది కాదు. 1973లో మారియట్ హోటళ్ల సంస్థ రణభూమిని ఆనుకుని ఉన్న సుమారు 500 ఎకరాల్లో గ్రేట్ అమెరికా అనే పార్కు కడతానంది. రణభూమి ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీ పాలకులు ఎదురెళ్లి స్వాగతించారు. ఊళ్లవాళ్లలో కొందరు అడ్డుపడ్డారు. అనుమతులు ఆలస్యమై, మారియట్ విసిగి వెళ్లిపోయి, 1976లో అదే పేరుతో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలోనూ, ఇలినాయ్‌లోని గర్నీలోనూ పార్కులు తెరిచింది. ఆనాడు అడ్డుపడినవాళ్లలో యానీ స్నైడర్ ఒకరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మెరైన్ దళంలో పనిచేసి, తర్వాత రణభూమి పక్కనే పొలం కొనుక్కుని స్థిరపడిన మనిషి.

మారియట్ వదిలిన స్థలమే 1988లో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఉత్తర వర్జీనియాలో సగానికి సగం తానే కట్టాడా అనిపించేంత పెద్ద బిల్డర్ జాన్ టిల్ హేజెల్. ఆయన సంస్థ మొదట అక్కడ ఇళ్లు, ఆఫీసులు అని చెప్పి అనుమతి తీసుకుంది. తర్వాత 12 లక్షల చదరపు అడుగుల షాపింగ్ మాల్ అంది. రెండో మనాసస్ యుద్ధంలో దక్షిణ సేనాని రాబర్ట్ లీ మకాం వేసిన స్టువర్ట్స్ హిల్ ఆ స్థలంలోనే ఉంది. యానీ స్నైడర్ ముందుండి ఊళ్లవాళ్లను కూడగట్టారు. సంతకాలు, ఉత్తరాలు, సభలు, టీవీ కెమెరాలు, ఒకటేమిటి, అన్నీ వాడారు. బుల్డోజర్లు పని మొదలుపెట్టిన తర్వాత, 1988 నవంబరులో, అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక చట్టంతో ఆ 542 ఎకరాలను రణభూమిలో కలిపేసింది. యజమానులకు చెల్లించాల్సిన పరిహారం చివరికి 13 కోట్ల డాలర్లు దాటింది.

అది గొప్ప విజయమే. కానీ దాని నుంచి రెండు పక్షాలూ వేర్వేరు పాఠాలు నేర్చుకున్నాయి. కాపాడాలనుకున్నవాళ్లకు స్థానికంగా ఓడినా దేశం ముందు గెలవవచ్చని తెలిసింది. కౌంటీ పాలకులకు మాత్రం పన్ను తెచ్చిపెట్టే ప్రాజెక్టు వచ్చిన ప్రతిసారీ బయటివాళ్లు వచ్చి లాక్కుపోతారన్న కోపం మిగిలింది. డిస్నీ కాలుపెట్టింది ఈ కోపం చల్లారని నేల మీద.

డిస్నీ వచ్చిన తీరు కూడా మంట రాజేసింది. 1960లలో ఫ్లోరిడాలో ఆ కంపెనీ తన పేరు బయటికి రాకుండా, వేర్వేరు సంస్థల ముసుగులో, సుమారు 27,000 ఎకరాలు కొంది. పేరు తెలిస్తే ధర ఆకాశానికి పోతుందన్నది లెక్క. అక్కడ ఆ ఎత్తు పారింది. రాష్ట్ర ప్రభుత్వం 1967లో కంపెనీకి దాదాపు సొంత పురపాలక సంఘమే ఇచ్చేసింది. వర్జీనియాలోనూ అదే పద్ధతి. ఎక్సాన్ చమురు సంస్థ చేతిలో ఉన్న వేవర్లీ అనే 2,300 ఎకరాల స్థలం మీద, చుట్టుపక్కల పొలాల మీద గుట్టుచప్పుడు కాకుండా కొనుగోలు ఒప్పందాలు కుదుర్చుకుంది. ఊళ్లవాళ్లకు విషయం పత్రికల ద్వారానే తెలిసింది. ఫ్లోరిడాలో పనిచేసిన గోప్యత ఇక్కడ బెడిసికొట్టింది. ఎందుకంటే ఇక్కడి జనం ఇరవై ఏళ్లుగా జోనింగ్ కాగితాలు, అంటే ఏ నేలలో ఏం కట్టవచ్చో తేల్చే పత్రాలు, చదవడం నేర్చుకున్నవాళ్లు.

కాగితాల మీద పార్కు ఆ స్థలంలో చిన్న భాగమే. మిగతా స్థలంలో రెండు వేలకు పైగా ఇళ్లు, 1,300కు పైగా హోటల్ గదులు, గోల్ఫ్ మైదానాలు, దాదాపు ఇరవై లక్షల చదరపు అడుగుల దుకాణాలు, ఆఫీసులు. పార్కు లోపల ఆదివాసీ గ్రామం, అంతర్యుద్ధపు కోట, వలస వచ్చినవాళ్లు దిగిన ఎల్లిస్ ఐలాండ్ నమూనా, ఉక్కు కర్మాగారం మధ్య నుంచి దూసుకుపోయే రైలు, రెండో ప్రపంచ యుద్ధపు విమానాలు, కుటుంబ వ్యవసాయ క్షేత్రం. ఏటా దాదాపు 60 లక్షల మంది వస్తారని అంచనా. బొమ్మలు చూసినవాళ్లు కోటనూ రైలునూ చూశారు. జోనింగ్ దరఖాస్తు చదివినవాళ్లకు ఇళ్లూ ఆఫీసులూ కనిపించాయి. వాళ్లు భయపడింది ఆ పార్కుకు కాదు, దాన్ని చూసి చుట్టూ మొలిచే మోటళ్లకు, పెట్రోలు బంకులకు, ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలకు. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ చుట్టూ ఆనహైమ్‌లో జరిగింది అదే. ఆ చుట్టుపక్కల వ్యాపారం తన చేతికి దక్కలేదన్న బాధతోనే వాల్ట్ డిస్నీ ఫ్లోరిడాలో అంత భూమి కొన్నాడన్నది అందరికీ తెలిసిన సంగతే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఈ వ్యవహారంలో స్థానికులు ఎవరు?

పార్కు వచ్చేది ప్రిన్స్ విలియం కౌంటీలో. 1990 జనగణన నాటికి అక్కడ 2,15,686 మంది ఉన్నారు. చాలామంది పొద్దున్నే లేచి వేరే కౌంటీకో వాషింగ్టన్‌కో ఉద్యోగానికి పోయేవాళ్లు. ఇళ్లు పెరిగాయి, పిల్లలు పెరిగారు, బడులు కట్టాలి. వ్యాపారాలు మాత్రం పక్క ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి పోయాయి. అందువల్ల ఖర్చంతా ఇంటి పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడుతోంది. కౌంటీ బోర్డు అధ్యక్షురాలు కాథ్లీన్ సీఫెల్డ్ డిస్నీ రాకను ఆ బరువు దించే అవకాశంగా చూశారు. మొత్తం 19,000 ఉద్యోగాలు వస్తాయని ప్రచారం జరిగింది. దుకాణాలవాళ్లు, కట్టడం పనివాళ్లు, బడి ఖర్చు ఎలా గట్టెక్కుతుందా అని చూస్తున్న తల్లిదండ్రులు స్వాగత సంఘాలు పెట్టుకున్నారు. వీళ్లూ స్థానికులే. వీళ్ల ఆశను అమాయకత్వమని తీసిపారేసిన వ్యాసాలు ఆ రోజుల్లో చాలానే వచ్చాయి. అది అన్యాయం. పన్ను బిల్లు కట్టేవాడికి ఆ లెక్క ముందు కనిపిస్తుంది.

పశ్చిమాన ఫాకియర్, ఉత్తరాన లౌడన్ కౌంటీలది మరో లోకం. ఫాకియర్ జనాభా యాభై వేల లోపు. మిడిల్‌బర్గ్, అపర్‌విల్ చుట్టూ గుర్రాల పెంపకం, రాతి గోడల పొలాలు, నక్కల వేట, తరాల నాటి సంపద. ఇక్కడివాళ్లు 1972లోనే పీడ్‌మాంట్ ఎన్విరాన్‌మెంటల్ కౌన్సిల్ పెట్టుకున్నారు. భూయజమాని తన పొలాన్ని ఇక ఎన్నటికీ ముక్కలు చేయనని, ఇళ్లు కట్టనని రాసిస్తే పన్నులో ఊరట దొరుకుతుంది. అలాంటి ఒప్పందాలు కుదర్చడం ఆ సంస్థ ప్రధాన పని. డిస్నీ ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే ఈ సంస్థ లాయర్లను, రవాణా నిపుణులను, ఆర్థికవేత్తలను కూర్చోబెట్టింది.

పార్కు నుంచి పన్ను వచ్చేది ప్రిన్స్ విలియంకు. కార్లు, పొగ, పెరిగే భూముల ధరలు, ముక్కలయ్యే పొలాలు మాత్రం కౌంటీ గీత చూసి ఆగవు. పార్కు మీద ఓటు వేసే బోర్డులో ఫాకియర్‌కు కుర్చీ లేదు. అందుకే వాళ్లు కౌంటీ గడప దాటి రాష్ట్రానికీ, అక్కడి నుంచి దేశానికీ వెళ్లాల్సి వచ్చింది. డబ్బున్న దొరలు తమ కిటికీ ముందు దృశ్యం చెడిపోతుందని గోల చేస్తున్నారని పార్కు సమర్థకులు ఎత్తిపొడిచారు. అందులో కొంత నిజం ఉంది. తమ ఊరి పక్కన పార్కు వద్దనే పేదవాళ్లకు ఇన్ని వనరులు దొరికేవి కావు. అయితే ఎత్తిపొడుపు నిజమైనంత మాత్రాన వాళ్లు వేసిన ప్రశ్నలు తప్పైపోవు. ఆ ప్రశ్నల్లో మొదటిది, రోడ్లకు డబ్బు ఎవరు పెడతారు?

వాషింగ్టన్ నుంచి పడమరకు వచ్చే 66వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి హేమార్కెట్ దగ్గర అప్పటికి వైపుకు రెండు వరసల రోడ్డు. ఉత్తర దక్షిణాలుగా పోయే 15వ నంబరు రోడ్డు మొత్తం రెండే వరసలు, చాలాచోట్ల అటూ ఇటూ చెట్లు, పాత రాతి గోడలు. ఏడాదికి 60 లక్షల మంది ఈ దారుల మీద రావాలి. కంపెనీ తన స్థలంలో రోడ్లు వేసుకుంటుంది, బయట రోడ్లు రాష్ట్రం వెడల్పు చేయాలి. 1994 జనవరిలో పదవి చేపట్టిన గవర్నరు జార్జ్ ఆలెన్‌కు ఉద్యోగాలు తెస్తానన్న ఎన్నికల హామీ ఉంది. ఆయన రాష్ట్ర శాసనసభ ముందు 16.3 కోట్ల డాలర్ల ప్యాకేజీ పెట్టారు. అందులో సింహభాగం రోడ్లకు, మిగతాది పర్యాటక ప్రచారానికి, ఉద్యోగుల శిక్షణకు. ఈ సమావేశాల్లోనే తేల్చకపోతే ప్రాజెక్టు నిలవదని కంపెనీ పట్టుబట్టింది. రెండు పక్షాలవాళ్లూ రాజధాని రిచ్‌మండ్‌కు తరలివెళ్లారు. లాభాల్లో ఉన్న కంపెనీకి ప్రజల సొమ్ము ఎందుకని వ్యతిరేకులు అడిగారు. మార్చిలో బిల్లు నెగ్గింది. వ్యతిరేకులకు ఇది మొదటి ఓటమి.

కానీ ఆ ఓటమి దారి పొడవునా వాళ్లు ఒక పని చేశారు. పార్కు మీద మాత్రమే జరగాల్సిన చర్చను మొత్తం వాషింగ్టన్ ప్రాంతపు రవాణా మీదికి మళ్లించారు. 1990లో సవరించిన స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం ఆ ప్రాంతం ఓజోన్ కాలుష్యం పరిమితి దాటిన జాబితాలో ఉంది. కొత్త రహదారి పనులు ప్రాంతీయ ప్రణాళికలో చేరాలంటే వాటివల్ల గాలి ఇంకా చెడదని లెక్కలతో చూపాలి. పీడ్‌మాంట్ కౌన్సిల్ పట్టుకున్న చట్టపు కొస ఇదే. వినడానికి చప్పగా ఉంటుంది, టీవీలో చూపడానికి బొమ్మ ఉండదు. అయినా నా అంచనాలో మొత్తం పోరాటంలో అన్నిటికన్నా పదునైన ఆయుధం ఇదే. రణభూమి పవిత్రత మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, కార్ల లెక్క మీద ఉండటం కష్టం.

పేరు మాత్రం చరిత్రకే దక్కింది. చారిత్రక పరిరక్షణకు జాతీయ స్థాయిలో పనిచేసే నేషనల్ ట్రస్ట్ అధ్యక్షుడు రిచర్డ్ మో 1993 డిసెంబరులోనే పత్రికలో వ్యాసం రాసి కంపెనీ మరోచోటు చూసుకోవాలన్నారు. 1994 మే 11న ప్రొటెక్ట్ హిస్టారిక్ అమెరికా అనే బృందం వాషింగ్టన్‌లో విలేకరుల ముందుకు వచ్చింది. అధ్యక్షుడు ట్రూమన్ జీవిత చరిత్రకు అంతకు ముందు ఏడాదే పులిట్జర్ బహుమతి అందుకున్న డేవిడ్ మెకల్లా, అంతర్యుద్ధ చరిత్రకు పెట్టింది పేరైన జేమ్స్ మెక్‌ఫర్సన్, దక్షిణ రాష్ట్రాల చరిత్రకారుడు సి. వాన్ వుడ్‌వర్డ్, నల్లజాతి చరిత్ర రచనకు పెద్దదిక్కు జాన్ హోప్ ఫ్రాంక్లిన్, ఇంకా షెల్బీ ఫుట్ వంటివాళ్లు అందులో ఉన్నారు. వీళ్లలో మెకల్లా గొంతు, ఫుట్ ముఖం దేశానికి బాగా పరిచితం. 1990లో కెన్ బర్న్స్ తీసిన అంతర్యుద్ధపు టీవీ ధారావాహికను కోట్ల మంది చూశారు. అందులో కథ చెప్పింది మెకల్లా, పదే పదే తెర మీద కనిపించింది ఫుట్. మారియట్ కాలంలో మనాసస్ అంటే పాఠ్యపుస్తకంలో ఒక పేరు. 1994 నాటికి జనం మనసులో దానికో రాగం, కొన్ని ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఇరవై ఏళ్లలో వచ్చిన ఈ మార్పును లెక్కలోకి తీసుకోకపోతే పోరాటం అంత వేగంగా ఎందుకు పాకిందో అర్థం కాదు.

ఈ బృందం వెనక ఉన్నదెవరో కూడా చూడాలి. కూడగట్టినవాళ్లలో ముఖ్యులు నిక్ కాట్జ్, జూలియన్ షీర్. కాట్జ్ పులిట్జర్ పొందిన పాత్రికేయుడు. షీర్ చంద్రయానాల కాలంలో నాసా ప్రజా సంబంధాల విభాగానికి అధిపతి. ఇద్దరూ ఆ ప్రాంతంలో పొలాలున్న నివాసులు. తమ ఇరుగుపొరుగు సమస్యను దేశపు సమస్యగా ఎలా చెప్పాలో వాళ్లకు వృత్తిరీత్యా తెలుసు. చరిత్రకారులు వాడుకోబడ్డారని నేను అనను. మెక్‌ఫర్సన్ వంటివారు తమంత తాముగా నమ్మి వచ్చినవాళ్లే. కానీ వాళ్లకు వేదిక కట్టి, మైకు పెట్టింది ఊళ్లవాళ్లు.

చరిత్రకారుల వాదనలో రెండు పాయలున్నాయి, వాటిని విడదీసి చూడటం అవసరం. ఒకటి స్థలం గురించి. ఈ కౌంటీలున్న పీడ్‌మాంట్ ప్రాంతమంతా ఒకే చారిత్రక భూభాగం. గంటన్నర ప్రయాణ దూరంలో అధ్యక్షులు జెఫర్సన్, మాడిసన్, మన్రోల ఇళ్లు, ఫ్రెడరిక్స్‌బర్గ్, చాన్సలర్స్‌విల్ వంటి రణభూములు ఉన్నాయి. ఉద్యానపు ప్రహరీ లోపలి ఎకరాలు మాత్రమే కాపాడి చుట్టూ పట్నం పెంచితే ఆ యుద్ధం ఎలా జరిగిందో కళ్లతో చూసి తెలుసుకునే వీలు పోతుంది. రెండోది విషయం గురించి. బానిసత్వాన్ని వినోదంగా ఎలా చూపిస్తారని అడిగారు. పార్కు రూపకర్త బాబ్ వైస్, బానిసగా ఉండటం ఎలాంటిదో సందర్శకులకు అనుభవంలోకి తెస్తామని మొదటి విలేకరుల సమావేశంలో అనడంతో పెద్ద దుమారం లేచింది. నవలాకారుడు విలియం స్టైరన్ న్యూయార్క్ టైమ్స్‌లో దీన్ని ఖండించారు.

మొదటి పాయ గట్టిది. రెండోదాని మీద నాకు అభ్యంతరం ఉంది. కష్టమైన చరిత్రను జనం మధ్య ప్రదర్శించడం వృత్తి చరిత్రకారులకే చెల్లుతుందన్న ధోరణి అందులో ఉంది. జేమ్స్ హోర్టన్ వంటి నల్లజాతి చరిత్రకారుడు డిస్నీకి సలహాదారుగా పనిచేయడానికి ఒప్పుకున్నారు. లక్షల మంది చూసే చోట బానిసత్వం గురించి సరిగ్గా చెప్పించగలిగితే మంచిదే కదా అన్న ఆలోచన తప్పేమీ కాదు. డిస్నీ వెనక్కి తగ్గిన రెండు వారాలకు, 1994 అక్టోబరు 10న, వర్జీనియాలోనే కలోనియల్ విలియమ్స్‌బర్గ్ మ్యూజియంలో బానిసల వేలాన్ని నటించి చూపారు. పౌర హక్కుల సంఘాలవాళ్లు అడ్డుకోవడానికి వచ్చారు. ఆ ప్రదర్శనను నడిపింది మ్యూజియంలోని నల్లజాతి ఉద్యోగులే. చూసినవాళ్లలో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు, మనసు మార్చుకున్నవాళ్లున్నారు. కాబట్టి చూపించవచ్చా లేదా అన్నది కాదు, ఎవరు ఎలా చూపిస్తారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు హేమార్కెట్ రోడ్లతో సంబంధం లేదు. అయినా పత్రికలకు ఎక్కువ రుచించింది ఆ పాయే.

1994 జూన్ 21న అమెరికన్ సెనేట్ ఉపసంఘం పార్కు వ్యవహారం మీద విచారణ జరిపింది. అధ్యక్షత వహించింది 1988లో మాల్ స్థలాన్ని రణభూమిలో కలపడానికి సెనేట్‌లో గట్టిగా నిలబడ్డ డేల్ బంపర్స్. మెకల్లా, మెక్‌ఫర్సన్ సాక్ష్యం చెప్పారు. ఇది కౌంటీ జోనింగ్ వ్యవహారం, ఫెడరల్ ప్రభుత్వానికి ఇందులో ఏం పని అన్న వాదన ఆ సభలోనే గట్టిగా వినిపించింది. విచారణ నుంచి చట్టమేదీ రాలేదు. అదే నెలలో కంపెనీ అధిపతి మైకేల్ ఐస్నర్ వాషింగ్టన్ పోస్ట్‌తో మాట్లాడుతూ, ఈ చరిత్రకారుల రచనలు తాను చదువుకునే రోజుల్లో చదివానని, వాటివల్ల నేర్చుకున్నదేమీ లేదని అర్థం వచ్చేలా అన్నారు. అంతవరకు ఎటూ తేల్చుకోనివాళ్లను కూడా ఆ మాట వ్యతిరేకుల వైపు తోసింది.

సెప్టెంబరు 17న దాదాపు మూడు వేల మంది వాషింగ్టన్ నడిబొడ్డున ఊరేగింపు తీశారు. అదే నెలలో ప్రిన్స్ విలియం ప్రణాళికా సంఘం పార్కుకు అనుకూలంగా సిఫారసు చేసింది. అక్టోబరులో కౌంటీ బోర్డు ఓటు వేయాలి, అది నెగ్గుతుందనే అందరి అంచనా. ఒక్కసారి ఆగి చూస్తే అప్పటికి వ్యతిరేకులు అధికారికంగా ఒక్క ఓటూ గెలవలేదు. రాష్ట్ర శాసనసభలో ఓడారు, ప్రణాళికా సంఘంలో ఓడారు, సెనేట్‌లో ఏమీ సాధించలేదు. అయినా సెప్టెంబరు 28న తప్పుకున్నది కంపెనీ.

కారణాల్లో సగం హేమార్కెట్‌కు దూరంగా ఉన్నాయి. పారిస్ దగ్గర 1992 ఏప్రిల్‌లో తెరిచిన యూరో డిస్నీ 1993 ఆర్థిక సంవత్సరంలో 530 కోట్ల ఫ్రాంకుల నష్టం చూపింది. 1994 ఏప్రిల్‌లో కంపెనీలో ఐస్నర్ తర్వాతి స్థానంలో ఉన్న ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. జూలైలో ఐస్నర్‌కు గుండె ఆపరేషన్. ఆగస్టులో స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ నిష్క్రమణ. వర్జీనియా చలికాలంలో పార్కు మూసుకోవాలి, రాబడి ఏడాదంతా ఉండదు. ఆలస్యమైన ప్రతి నెలా ఖర్చు పెరుగుతుంది. ఇలాంటి కంపెనీకి రోజూ పత్రికల్లో చెడ్డపేరు మోయడం భారమైంది. పిల్లల కంపెనీ అన్న మంచిపేరే దాని పెట్టుబడి మరి. వ్యతిరేకులు గెలిచింది కాలాన్ని. దాదాపు పదకొండు నెలలు సాగదీయగలగడమే వాళ్ల బలం, ఆ బలానికి రోడ్ల లెక్కలూ చరిత్రకారుల పేర్లూ సమానంగా తోడ్పడ్డాయి.

ఆ తర్వాత నాలుగు నెలలకే ఆనహైమ్‌లో డిస్నీలాండ్ విస్తరణగా 1991లో ప్రకటించిన వెస్ట్‌కాట్ కూడా రద్దయింది. దాని అంచనా ఖర్చు 300 కోట్ల డాలర్లు. అక్కడ పోరాడింది పార్కు ప్రహరీ పక్కన కాపురం ఉండేవాళ్లు. వాళ్ల ఫిర్యాదు రద్దీ, వెలుతురు, చప్పుడు, ఇళ్ల మీదికి వచ్చే పార్కింగ్ కట్టడాలు. వాళ్లకు పులిట్జర్ గ్రహీతలెవరూ తోడు రాలేదు. వాళ్ల ఊరికి అలా తోడు తెచ్చే చరిత్ర ఉందని ఎవరూ అనుకోలేదు. ప్రాజెక్టు ఆగింది ప్రధానంగా డబ్బు లెక్కల వల్ల. 2001లో అక్కడ డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ అనే చిన్న పార్కు వచ్చింది. హేమార్కెట్ నివాసులకు దొరికిన అదృష్టం ఎంత అరుదైనదో ఆనహైమ్‌ను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

డిస్నీ విడిచిన నేల ఖాళీగా ఉండిపోలేదు. కొంత భాగం స్కౌట్ల శిబిరమైంది. మిగతా దానిలో 2000 తర్వాత టోల్ బ్రదర్స్ సంస్థ డొమినియన్ వ్యాలీ పేరుతో గేటు, గోల్ఫ్ మైదానం ఉన్న పెద్ద కాలనీ కట్టింది. ప్రిన్స్ విలియం జనాభా 2020 జనగణనలో 4,82,204కు చేరింది. రోడ్డు మాత్రం పార్కు రాకపోయినా వెడల్పయింది. 66వ నంబరు రహదారిని విడతలుగా విస్తరించి, 2022లో గెయిన్స్‌విల్ దాకా టోలు వరసలు తెరిచారు. గెయిన్స్‌విల్, హేమార్కెట్, పక్క లౌడన్‌లోని యాష్‌బర్న్ చుట్టూ ఇప్పుడు ఐటీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. డిస్నీని ఆపినవాళ్లు ఆపాలనుకున్న పెరుగుదల వేరే దారిలో, చిన్న చిన్న అనుమతుల రూపంలో వచ్చింది. ఒక్కో కాలనీకి ఊరేగింపు తీయడం ఎవరి వల్లా కాదు.

నిలిచినవీ ఉన్నాయి. ఫాకియర్ పొలాల మీద అభివృద్ధి హక్కులు వదులుకున్న ఒప్పందాలు పెరిగాయి. గెటిస్‌బర్గ్ రణభూమి నుంచి జెఫర్సన్ ఇంటిదాకా సుమారు 180 మైళ్ల దారిని 2008లో కాంగ్రెస్ జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. 1994లో పీడ్‌మాంట్ అంతా ఒకే భూభాగమని చేసిన వాదనకు అది దొరికిన చట్టరూపం.

ఇప్పటి తగాదా డేటా సెంటర్ల మీద. రణభూమి అంచున పేజ్‌లాండ్ లేన్ వెంబడి దాదాపు 2,100 ఎకరాల్లో డిజిటల్ గేట్‌వే అనే ప్రాజెక్టుకు ప్రిన్స్ విలియం బోర్డు 2023 డిసెంబరు 13న, ఇరవై నాలుగు గంటలు దాటి సాగిన సమావేశం తర్వాత, అనుమతి ఇచ్చింది. ఈసారి కెన్ బర్న్స్ స్వయంగా వద్దని లేఖ రాశారు. భూమి అమ్మడానికి ముందుకు వచ్చినవాళ్లలో మాత్రం పాత పోరాటాల్లో రణభూమి పక్షాన నిలబడ్డ కుటుంబాలూ ఉన్నాయి. ముప్పై ఏళ్లలో చుట్టూ హైటెన్షన్ తీగలు, కాలనీలు, ట్రాఫిక్ వచ్చేశాక ఇది ఇంకా పల్లె అని తమ ఒక్కరినే ఎందుకు కట్టిపడేస్తారన్నది వాళ్ల వాదన. దానికి సూటిగా జవాబు చెప్పడం పరిరక్షకులకు తేలిక కాలేదు. పక్క కాలనీల నివాసులు కోర్టుకెక్కారు. బహిరంగ విచారణకు ముందు చట్టం ప్రకారం వేయాల్సిన పత్రికా ప్రకటనలు సరిగ్గా వేయలేదన్న కారణంతో 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు ఆ అనుమతులను కొట్టేసింది.